చెయ్యి కాల్చిన బానెట్

పోయినేడాది, కంపెనీ తయారీ ఆపేసిన పాత సెడాన్ కారొకటి చవగ్గా వస్తోందంటే మావారూ నేనూ పిల్లల్ని తీసుకుని మహబూబాబాద్ నుంచి దగ్గర్లోని గూడూరు వెళ్లాం. చవకంటేనే నాకు అనుమానం. యజమాని ఖాసిం అన్న వాకిట్లో ఉన్న కారు బానెట్ మీద చెయ్యి పెడితే కాలింది. ఇంజన్ చల్లగా ఉంటే బయటపడే లోపాన్ని దాచడానికి అమ్మేవాళ్లు ముందే వేడి చేస్తారని విన్నాను.

"మేమొస్తున్నమని ముందే నడిపి పెట్టినవా అన్నా?" అని అందరూ వినేలా అడిగేశాను. మావారు తలదించుకున్నారు.

"లేదు చెల్లె. పక్కింటవ్వను దవాఖానల దింపి ఇప్పుడే వచ్చిన. చల్లారేదాక జర కూసోండ్రి" అన్నాడాయన.

చల్లారాక స్టార్ట్ చేస్తే ఇంజన్ గడగడలాడింది.

"గిది చూపెడదామనే కూసోపెట్టిన. పార్టులు దొరుకుతలెవ్వు. పిల్లలతోని తిరిగేటోళ్లు, మీకొద్దు చెల్లె" అన్నాడు.

కారు కొనలేదు. క్షమాపణైనా చెప్పకుండానే బస్సెక్కాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.