మా బాపు కొలతకు కోసిన బండి

నా చిన్నప్పుడు నాకు అక్షరాలు సరిగా పట్టుబడలేదు కాని, ఒక్క బొమ్మ గియ్యడం మాత్రం వచ్చింది. అది మా బాపు బొమ్మ. సుద్దముక్కతో, గోడ మీద, చెయ్యి ఎత్తకుండా గీసిన గీత. అది తప్ప నేను ఏ బొమ్మా గీయలేదు. ఇప్పుడు కూడా నేను చెబుతుంటే నా మనవరాలు రాస్తోంది. నా గొంతు బొంగురుది, మధ్యలో ఆగిపోతుంది. అది ఆగిన చోట పాపం ఆ పిల్ల కూడా ఆగుతోంది.

మాది ఉప్పుగూడ. రైలు పట్టాల పక్కన మా మేనమామకు ఒక రేకుల షెడ్డు ఉండేది. వారమంతా అందులో కిటికీలకు గ్రిల్లులు, ఇళ్లకు గేట్లు చేసేవాడు. ఆదివారం వస్తే ఆ గేట్లన్నీ గోడకు చేరేసి మోటారు సైకిళ్లు కోసేవాడు. కోయడమంటే నిజంగా కోయడమే. కంపెనీ చేసిన బండి ఫ్రేమును రంపంతో తెగ్గోసి, మెడ దగ్గర వాలు మార్చి, ముందు చక్రాన్ని దూరంగా జరిపి, మళ్లీ అతికేవాడు. ఆ బండ్లను చాపర్లు అనేవాళ్లు. పాత కాగితాల దుకాణంలో దొరికిన ఏదో విదేశీ పుస్తకంలోని బొమ్మ ఒకటి షెడ్డు గోడకు అంటించి ఉండేది. ముందు చక్రాన్ని పట్టుకునే పొడుగాటి ఫోర్కు, పల్లికాయంత ట్యాంకు, చేతులెత్తి దండం పెట్టినట్టున్న హ్యాండిల్. కింద ఇంగ్లీషులో ఏం రాసి ఉందో అక్కడ ఎవరికీ తెలియదు. ఆదివారం షెడ్డుకు వచ్చే గుంపుకంతా ఆ ఒక్క బొమ్మతోనే అంత పిచ్చి పట్టింది.

అసలైన చాపర్ ఏది అన్నదాని మీద ఆదివారం పొద్దున్నుంచీ లొల్లి నడిచేది. ఫోర్కు ఎంత పొడుగుంటే అంత చాపర్ అని ఒకరు. వెనక స్ప్రింగులుంటే అది చాపరే కాదు, రోడ్డు మీది రాయి మనిషి వెన్నుకు తెలియాలి అని ఇంకొకరు. దుకాణంలో కొన్న హ్యాండిల్ బిగించుకుని వచ్చేవాళ్లను చూస్తే అందరికీ నవ్వు. ఫ్రేముకు రంపం తగలనిదే అది చాపర్ కాదన్న మాట దగ్గర మాత్రం అందరూ ఒక్కటయ్యేవాళ్లు. అందరికన్నా గట్టి గొంతు కిషన్‌బాగ్ నుంచి వచ్చే ఒకాయనది. వాళ్లది బర్రెల పాల వ్యాపారం, అందుకే ఆయన్ను మేము పాలన్న అనేవాళ్లం. మా మామను ఆయన ఉస్తాద్ అని పిలిచేవాడు, ఆ నోటితోనే వెక్కిరించేవాడు.

మా బాపు ఆ లొల్లిలో కలిసేవాడు కాదు. కంచన్‌బాగ్ వైపు ఒక లోహపు కార్ఖానాలో పనిచేసేవాడు. రోజూ తన బుల్లెట్టు మీద డ్యూటీకి పోయి వచ్చేవాడు. పండగలకు, పెళ్లిళ్లకు అమ్మను వెనక కూర్చోబెట్టుకుని, నన్ను ముందు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోయేవాడు. తర్వాత ఆయన వెన్నుకు ఏదో రోగం వచ్చింది. నడుము బిగుసుకుపోతూ, మనిషి లోపలికి ముడుచుకుపోతూ వచ్చాడు. తగ్గేది కాదని డాక్టరు అమ్మతో చెప్పాడు. ఒకరోజు బండి ఎక్కి హ్యాండిల్ అందుకోవడానికి వంగలేక, అక్కడే మా వాకిట్లో దిగిపోయాడు. ఆ రోజు నుంచి బస్సులో పోయేవాడు. బండి మీద గోనెపట్టా కప్పాడు కాని, అమ్ముదామంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు.

ఒక సాయంత్రం మామ మా ఇంటికి వచ్చినప్పుడు బాపు తన మనసులోది బయటపెట్టాడు. నేను అమ్మ పక్కన కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను.

"ఇగ ఎట్లనో పడుకునే దినం వస్తది, నాకు ఎర్కనే. గది వచ్చేలోపు ఒక్కపారి నా బండి మీద నేనే డ్యూటీకి పోయి రావాలె, బామ్మర్దీ. ఎవ్వని వెనక కూసోని కాదు."

మామ లేచి వెళ్లి గోనెపట్టా తీశాడు. "అయితె దీన్ని కోస్త, బావా," అన్నాడు. బాపు సరేనన్నాడు.

మరుసటి ఆదివారం కొలత తీయడానికి బాపును షెడ్డుకు పిలిచాడు. మామ పద్ధతి వేరు. టేపు పట్టుకునే ముందు మనిషిని గోడ పక్కన ఊక బస్తా మీద కూర్చోబెట్టి, బండి మీద ఉన్నట్టు చేతులు చాపమని, గోడ మీద సుద్దతో చుట్టూ గీసేవాడు. ఆ గీతను బట్టి ఫ్రేము కోసేవాడు. బాపు పొద్దున్నే స్నానం చేసి, నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. బస్తా మీద కూర్చుని ఊపిరి బిగబట్టాడు, ఫొటో దిగేవాడిలాగా. పళ్ల బిగువున నడుము నిలబెట్టాడు. మామ గీశాడు. అయిపోయిందని చెప్పి పంపించేశాడు. బాపు గల్లీ మలుపు తిరిగాక తడిగుడ్డతో ఆ గీతనంతా తుడిచేశాడు.

ఎందుకు తుడిచావని అడిగాను. మామ నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"పొద్దుగాల అందరు సక్కగనే కూసుంటరు, బిడ్డా. గది మనిషి కొలత కాదు, మనిషి పరువు కొలత. అలసిపోయినంక ఎట్ల కూసుంటడో గదే కొలత. రేపు మీ బాపు డ్యూటీ దిగినంక నువ్వే గీయాలె. నేను సుద్ద పట్టుకుంటె మళ్ల బిగుసుకుంటడు."

మరునాడు పొద్దుగూకే వేళకు బాపు బస్సు దిగి నేరుగా షెడ్డుకు వచ్చాడు. మామ కొలత మాటే ఎత్తలేదు. చాయ్ తెప్పించాడు. పాలన్నను ముందే పిలిపించి ఉంచాడు. ఆయన తన బర్రె ఒకటి ఎవరి పెళ్లి పందిట్లోకో దూరి పూలదండలన్నీ తిన్న కథ చెప్పాడు. బాపు ఊక బస్తా మీద వాలి నవ్వాడు. నవ్వీ నవ్వీ మెల్లగా కిందికి జారాడు. మెడ ముందుకు వంగింది. కుడి భుజం దిగిపోయింది. చేతులు ఒళ్లోకి రాలిపోయాయి. మామ నా వైపు చూసి కళ్లతో సైగ చేశాడు.

నేను ఆడుకుంటున్నట్టే వెళ్లి, బాపు తల దగ్గర మొదలుపెట్టాను. మెడ, వంగిన వీపు, నడుము, మోకాలు. మళ్లీ మీదికి వచ్చి దిగిపోయిన భుజం, ఒళ్లో వాలిన చేతులు. ఆయన చెమట వాసన, ఇనుము వాసన నా ముక్కుకు తగులుతున్నాయి. సుద్ద గీకుతున్న చప్పుడు విని కూడా ఆయన కదల్లేదు. నేనే కదా అనుకున్నాడేమో. అంత అలసిపోయి ఉన్నాడేమో.

తర్వాత బాపు లేచి, వెనక్కి తిరిగి గోడ చూశాడు.

 పాలన్న చాయ్ గ్లాసు అట్లాగే పట్టుకుని ఉండిపోయాడు. బాపు గోడ దగ్గరికి పోయి, ఆ వంగిన వీపు గీతను వేలితో ముట్టుకున్నాడు.

"గిట్లున్ననా నేను?"

"గిట్లనే ఉన్నవ్, బావా," అన్నాడు మామ. "గిట్లనే కూసోని పోతవ్."

 బాపు నా చేతిలోని సుద్దముక్క తీసుకుని, నేను మరిచిపోయిన చెవిని తనే గీసుకున్నాడు. అప్పుడు మామ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఆ వారం నుంచి కోత మొదలైంది. ఫోర్కు కొద్దిగానే సాగదీశాడు, బరువైతే బాపు తిప్పలేడని. కాళ్లు ముందుకు చాపుకునేలా పెడళ్లు జరిపాడు. కూర్చుంటే రెండు పాదాలు నేలకు పూర్తిగా ఆనేలా సీటు కిందికి దించాడు. హ్యాండిల్‌ను బాపు ఒళ్లోకి వచ్చేంత వెనక్కి వంచి, కుడివైపు కొంచెం కిందికి దింపాడు. దూరం నుంచి చూస్తే వంకరగా కనిపించేది. సీటు కింద రెండు లావు స్ప్రింగులు పెట్టాడు.

ఆదివారం గుంపుకు ఆ స్ప్రింగులు నచ్చలేదు. పాలన్న బండి చుట్టూ తిరిగి చూశాడు.

"ఏంది ఉస్తాద్, ఒక కొమ్ము విరిగిన బర్రె లెక్కుంది. స్ప్రింగులు గిట్ల పెట్టినవ్, దీన్ని చాపర్ అంటరా? నవారు మంచం అంటరు."

అందరూ నవ్వారు. మామ రంపం ఆపలేదు. "చాపర్ అంటె కోసుడే కద, భాయ్," అన్నాడు. "ఎవని బండి అయితె వానికి అక్కర లేనిది కొయ్యాలె. అక్కర ఉన్నది కోస్తె గది కసాయి పని."

ఇక మిగిలింది వెనక సీటు. ఒక్క మనిషి బండి కాబట్టి చాపర్‌కు వెనక సీటు ఉండదు. పైగా ఆ ఇనుమంతా తీస్తే గాని బండి బాపు మొయ్యగలిగినంత తేలిక కాదు. రంపం అక్కడ పెట్టి మామ ఆగిపోయాడు. అమ్మ సద్ది గిన్నె పట్టుకుని షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. పెళ్లయినప్పటి నుంచి ఆ వెనక సీటే ఆమె కూర్చున్న చోటు. మామ తన అక్క మొహం చూశాడు, చూసి రంపం కింద పెట్టాడు.

"కోసెయ్ తమ్మీ," అంది అమ్మ. "నేను నడుస్త."

ఆ ముక్క తెగి నేల మీద పడిన చప్పుడు పెద్దదేమీ కాదు. అమ్మ దాన్ని తీసి కొంగుతో తుడిచి, సద్ది గిన్నెతో పాటు ఇంటికి తెచ్చుకుంది. దాన్ని ఏం చేసిందో నాకు తెలియదు.

బండి పూర్తయిన తెల్లారి బాపు డ్యూటీకి బయలుదేరాడు. వాకిట్లో మామ, నేను, గల్లీ వాళ్లు. అమ్మ పొయ్యి దగ్గరి నుంచి రాలేదు. బాపు బండి మీద వాలాడు. వాలాడనే చెప్పాలి. నేను గోడ మీద గీసిన గీత లేచి వచ్చి ఆ బండి మీద కూర్చున్నట్టే ఉంది. మెడ అదే వంపు, భుజం అదే దిగుడు. చేతులు వెతుక్కోకుండానే హ్యాండిల్ అందింది. రెండు పాదాలూ నేల మీద ఆనించి కాసేపు ఆగి, పోయాడు. సాయంత్రం చీకటి పడకముందే తిరిగి వచ్చాడు. అమ్మ ఎదురుపోయి, నొప్పి ఉందా అని అడిగింది.

"నొప్పి ఏడికి పోతది," అన్నాడు. "కని నేనే నడిపిన."

ఆ వానాకాలం వచ్చేదాకా ఆయన తన బండి మీదే పోయాడు. మధ్యలో మనిషి ఇంకా చిక్కిపోయాడు. చేతులు మళ్లీ అందడం మానేశాయి. మామ మళ్లీ ఊక బస్తా వేశాడు, నేను మళ్లీ గీశాను. కొత్త గీత పాత గీత లోపలే ఇమిడిపోయింది. మామ ఆ రెండు గీతల మధ్య ఎడమెంతుందో జానతో కొలిచి, హ్యాండిల్ మళ్లీ కోసి అతికాడు. ఆ తర్వాత ఇంకోసారి బస్తా వేశాడు కాని, బాపు షెడ్డు దాకా రాలేకపోయాడు. వానలు తగ్గకముందే పోయాడు.

దినాలు అయిపోయాక ఆ బండి కావాలని ఆదివారం గుంపులోనే కొందరు అడిగారు. మామ కాదనలేదు, ఎక్కి చూడండి అన్నాడు. పాలన్న ఎక్కాడు. ఆరడుగుల మనిషి, ఛాతీ విప్పి నడిచేవాడు. ఆ సీటులో మోకాళ్లు మీదికి వచ్చాయి, భుజం మెలిపడింది. ఊరికే కూర్చోవాలన్నా ఆయన మా బాపులా వంగాల్సి వచ్చింది. అట్లా వంగి కొంచెంసేపు కూర్చున్నాడు. బండి స్టార్ట్ చేయకుండానే దిగాడు.

"నా తోటి కాదు, ఉస్తాద్. దీని మీద కూసుంటె మీ బావ ఒళ్లె కూసున్నట్టుంది," అన్నాడు. ఆయన వెక్కిరించకుండా మాట్లాడడం నేను అదే మొదటిసారి విన్నాను. నవారు మంచం అన్న మాట ఆ షెడ్డులో మళ్లీ ఎవరూ అనలేదు.

మామ ఆ బండిని తనే విప్పేశాడు. వంకర హ్యాండిల్ ఒక్కటి ఉంచుకుని, గోడ మీద నా గీతలో బాపు చేతులున్న చోట మేకుకు తగిలించాడు. చాలా ఏళ్లు అది అట్లాగే ఉంది. తర్వాత మామ లేడు, షెడ్డు లేదు, ఆ గోడ కూడా లేదు.

నేను పెద్దయ్యాక బట్టలు కుట్టడం నేర్చుకుని దాని మీదే బతికాను. కొలతలకు పొద్దున్నే వచ్చే ఆడవాళ్లను సాయంత్రం రమ్మనేదాన్ని. పనంతా అయ్యాక, నడుము పట్టేసినప్పుడు రండమ్మా అనేదాన్ని. వాళ్లకు అది నా వింత అలవాటు. నేను కుట్టిన రవికె చంకలో పట్టేసిందని మాత్రం ఎవరూ తిరిగి రాలేదు.

మా ఆయన మంచాన పడ్డప్పుడు ఆయన చొక్కా ఒకటి తీసుకుని అట్లాగే చేశాను. మధ్యాహ్నం కుర్చీలో ఆయన కునుకు తీస్తుంటే పక్కన నిలబడి చూసేదాన్ని. ఆయనకు ఎడమ భుజం దిగేది. ఆ భుజం విప్పి కిందికి దించి కుట్టాను. చిక్కినకొద్దీ పక్కలు లోపలికి పట్టాను. అదే చొక్కా, ఎన్నిసార్లు విప్పానో, ఎన్నిసార్లు కుట్టానో. చివరికి పసిపిల్లలకు కుట్టినట్టు ముందు నుంచి చేతులు దూర్చేలా కుట్టాను. ఆయన నవ్వి, "ఏందే, నన్ను కోసుకుంట కోసుకుంట ఎంత చిన్నగ చేస్తవ్?" అన్నాడు.

ఆయన పోయాక బట్టలన్నీ పంచిపెట్టేశాను. ఆ ఒక్క చొక్కా ఇవ్వలేదు. ఇస్తే ఎవరు వేసుకుంటారు? నిన్న మా మనవరాలు దాన్ని పెట్టెలోంచి తీసి, నేను వేసుకుని చూడనా అని అడిగింది. చూడు అన్నాను. నిటారుగా నిలబడ్డ పిల్ల, ఎడమ భుజం దగ్గర గుడ్డ ఖాళీగా కిందికి వేలాడింది. దానికి ఏమీ అర్థం కాక, మామ్మా ఇక్కడ తప్పు కుట్టావు అంది. తప్పు కాదని చెప్పి, ఆ ఖాళీ మీద చెయ్యి పెట్టాను. అప్పుడు మొదలుపెట్టి ఇదంతా చెబుతున్నాను. నాకు చదువు రాదు కాని, ఆ ఖాళీ ఎంతుందో టేపు లేకుండానే చెప్పగలను.