తాలు ఎడమ పక్కన ఉంది

హాస్టల్లో ఎవరైనా దయ్యాల ముచ్చట మొదలుపెడితే దుప్పటి ముసుగేసుకుని పడుకునే రకాన్ని నేను. భయంతో కాదు, విసుగుతో. ఇప్పటికీ దయ్యాలున్నాయని అనను. కానీ మొన్న సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు జరిగింది మాత్రం ఎటు తిప్పి చూసినా కొలిక్కి రావడం లేదు.

మాది గార్ల దగ్గర పల్లె. మిర్చి వేస్తాం. డిగ్రీ మొదటి సెమిస్టర్ పరీక్షలు కాగానే ఎవరికీ చెప్పకుండా హనుమకొండలో బయల్దేరి, మధ్యాహ్నం రెండింటికల్లా ఇల్లు చేరాను. అమ్మా నాయినా మిర్చి కోయడానికి పొద్దున్నే చేనుకు వెళ్ళారు. వసారాలో నాయినమ్మ ఒక్కతే ఉంది. ఇన్ని నెలలకు వచ్చాను కదా, పట్టుకుని ఏడుస్తుందనుకున్నాను.

"అచ్చినవా? ఇయ్యాల జర ఆల్శెమైందేంది?" అంది.

నవ్వేశాను. "నిన్న నీళ్ళు తాగి చెంబు బయటనే ఇడిసి పోయినవ్" అనేసరికి నవ్వు ఆగింది. నాలుగు రోజులుగా నేను రోజూ మధ్యాహ్నం వస్తున్నానట. తాలు ఏరి, పొద్దుగూకక ముందే వెళ్ళిపోతున్నానట.

ఎండిన మిర్చిలో రంగు పోయి తెల్లబడిన కాయల్ని తాలు అంటాం. వాటిని ఏరి పక్కన పెట్టాకే ఎర్రకాయను బస్తాలకెత్తుతాం. నాయినమ్మ రెండు కళ్ళకూ పొరలున్నాయి, పంట చేతికొచ్చాక ఆపరేషన్ చేయించాలి. ఎరుపూ తెలుపూ ఆమెకు ఒకటే. అయినా వసారాలో బస్తాడు కాయ శుభ్రంగా ఏరి ఉంది. ఎర్రకాయ కుడి పక్కన, తాలు ఎడమ పక్కన.

మా ఇంట్లో అందరూ తాలు కుడి పక్కకే వేస్తారు. ఎడమచేతి వాటం నా ఒక్కదానిదే. అందుకు చిన్నప్పుడు అమ్మ చేతిలో ఎన్ని మొట్టికాయలు తిన్నానో.

సాయంత్రం నాయిన తల పట్టుకున్నాడు. "నాల్గు దినాల సంది గిదే ముచ్చట. మీ నాయినమ్మకు మతి తప్పుతున్నది. ఒక్కదాన్నే ఇడిసి చేనుకెట్ల పోవాలె? ఈ యేడు సదువు ఆపు బిడ్డా. నాయినమ్మ కాడ ఉండు."

అమ్మ తల ఎత్తలేదు. నాకు ఒళ్ళు మండింది. నా పరీక్షలు ఎప్పుడైపోతాయో వాళ్ళకు తెలుసు. నన్ను ఇంట్లో కూర్చోబెట్టడానికి ముగ్గురూ కలిసి ఆడుతున్న నాటకం ఇది, ఆ కుప్ప అమ్మే ఏరి పెట్టింది అనుకున్నాను. సొంత తల్లిని దొంగను చూసినట్టు చూశాను.

ఆ నాలుగు రోజులూ అమ్మ మధ్యాహ్నం ఇంటికొచ్చిందా అని మర్నాడు పక్కింటి అత్తను అడిగాను. "మీ అమ్మ నా ఎంబడే చేన్ల ఉన్నది బిడ్డా. పొద్దుగూకినంకనే ఇంటికచ్చినం" అంది. నాయినమ్మ చేతిలో గుప్పెడు కాయలు పోసి ఏరమన్నాను. ఆమె అన్నీ కలిపేసి, "నాకు పరీచ్చ పెడుతున్నవా?" అంది. నేనే కళ్ళు మూసుకుని తడిమి చూశాను, నాకూ తెలియలేదు.

చివరికి, "నేనొచ్చి ఏం మాట్లాడిన?" అని అడిగాను.

"ఎడమ చెయ్యి ఏళ్ళు మండుతున్నయన్నవ్. కొబ్బరినూనె రాసుకొమ్మన్న."

పరీక్షల వారం నా ఎడమ చేతి వేళ్ళు మండిన మాట నిజం. మధ్యాహ్నం మొదలై సాయంత్రానికి తగ్గేది. సబ్బు పడలేదనుకుని, గదిలో అమ్మాయి దగ్గర కొబ్బరినూనె తీసుకుని రాసుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ అమ్మాయికి ఫోన్ చేసి మా వాళ్ళతో మాట్లాడావా అని గట్టిగానే అడిగాను. మీ ఇంటి నంబరే నా దగ్గర లేదంది.

సెలవులు అయిపోవచ్చాయి. నాయిన నా ప్రయాణం ఊసెత్తడం లేదు. చివరి రోజు అన్నాల దగ్గర నాయినమ్మే మొదలుపెట్టింది.

"అబద్దమాడిన కొడుకా. పిల్ల మీద పానం కొట్టుకొని అట్లన్న. తాలు నేనే తడిమి తడిమి ఏరిన. నా మతి మంచిగనే ఉన్నది. దాన్ని తోలియ్యి." అని ఊరుకోకుండా, ఏ రోజు ఏ చెలకలో మిర్చి కోశారో, ఎందరు కూలీలొచ్చారో పొల్లుపోకుండా చెప్పింది.

"ముసల్దానివై గీ ఏషాలేంది?" అని నాయిన అరిచాడు. ఆమె తిట్లన్నీ పడింది. నాయిన ముఖంలో మాత్రం బరువు దిగింది. తెల్లారి నా బ్యాగు ఆయనే బండి మీద పెట్టాడు.

వెళ్ళేముందు నాయినమ్మ నన్ను దగ్గరకు లాక్కుని, నా ఎడమ చేతి వేళ్ళు ఒక్కొక్కటే నిమిరింది. "రోజూ అచ్చుడు వద్దు బిడ్డా, అలిసిపోతవ్" అని చెవిలో అంది. నాకు ఏడుపు ఆగలేదు.

ఆమె ఆడిన అబద్ధం ఏదో నాకు ఇప్పటికీ తెలియదు. పోయిన వారం క్లాసులో ఉండగా వేళ్ళు మళ్ళీ మండాయి. సాయంత్రం అమ్మకు ఫోన్ చేస్తే, "మీ నాయినమ్మ ఇయ్యాల సగం బస్తా ఏరింది, ఎట్ల ఏరుతదో ఏమో" అంది. తాలు ఏ పక్కన పోసి ఉందని అడుగుదామనుకున్నాను. మాట నోటిదాకా వచ్చింది గానీ అడగలేకపోయాను.