కోన్‌స్తిపాదా అంటే కడుపు కాదట

ఒకే ఒక్క మాటకు తప్పు అర్థం చెప్పి, పరాయి దేశపు పెద్దావిడ ఆరోగ్యాన్నీ, ఒక రైతు వ్యాపారాన్నీ, పెళ్లి కాని నా పరువునూ ఒకే మధ్యాహ్నం ఎలా గంగలో కలపవచ్చో తెలుసుకోవాలని ఉంటే నన్నడగండి. ఇది మామూలు తెలివితక్కువ వాళ్ల వల్ల అయ్యే పని కాదు. దానికి చదువు కావాలి. నేను మూడేళ్లు చదివాను.

గండిపేట దగ్గర ఒక కాలేజీలో నాది అంతర్జాతీయ వ్యాపారం డిగ్రీ. అందులో స్పానిష్ భాష ఒక పేపరు, ఆ దేశాల సంస్కృతి ఇంకో పేపరు. “ఈ భాష వస్తే సగం ప్రపంచం మీ గుప్పిట్లో ఉన్నట్టే” అన్నారు మా సారు. నేను గుప్పిట బిగించి మా ఊరు ఆలూరు నుంచి రోజూ రెండు బస్సులు మారాను. మొదటి నెలలోనే ఒక మహా రహస్యం కనిపెట్టాను కూడా. ఇంగ్లీషు మాట తీసుకుని చివర ‘ఓ’ గానీ ‘ఆ’ గానీ తగిలిస్తే స్పానిష్ అయిపోతుంది. ప్రాబ్లమ్‌ను ప్రాబ్లెమా అంటారు, మ్యాప్‌ను మాపా అంటారు. ఇంత సులువైన భాషకు నిఘంటువు కొనడం దండగ కదా? నేను కొనలేదు. ఈ ఒక్క సూత్రంతో మూడేళ్లూ పాసయ్యాను. మా సారు పేపర్లు ఎంత శ్రద్ధగా దిద్దేవారో మీరే ఊహించుకోండి.

డిగ్రీ చేతికొచ్చాక సగం ప్రపంచం పిలుస్తుందని ఎదురుచూశాను. పిలిచింది దగ్గర్లోని చిన్న మంగళారం అనే పల్లె. అక్కడ యాదయ్య అన్న పాలీహౌసుల్లో, అంటే పెద్ద పెద్ద ప్లాస్టిక్ పందిళ్ల కింద, జెర్బెరా పూలు పెంచుతాడు. ఆ పందిళ్ల మీద కప్పే ప్లాస్టిక్ తయారుచేసే స్పెయిన్ కంపెనీ ఒకటి మన దగ్గర డీలరు కోసం వెతుకుతోంది. కంపెనీ తరఫున పిలార్ అనే ఆవిడ వస్తోంది. కంపెనీలో ఇంగ్లీషు వచ్చినవాళ్లున్నా, ఆవిడకు మాత్రం రాదు. యాదన్నకు స్పానిష్ రాదు. నాకు రెండూ వచ్చునని అందరూ అనుకున్నారు. అందరికంటే గట్టిగా నేను అనుకున్నాను.

“మేడమ్ మనకు డీలర్‌షిప్ ఇస్తే నీ నౌకరీ పక్కా చెల్లే” అన్నాడు యాదన్న. “ఇయ్యకుంటే మాత్రం ఏమనుకోకు.”

“జర సంస్కృతి కూడా తెలుసుకోవాలన్నా” అన్నాను, మొత్తం స్పెయిన్‌ను భుజాల మీద మోస్తున్నదానిలా. “వాళ్లు కలవంగనే రెండు బుగ్గలకు ముద్దు పెడ్తరు.”

యాదన్న రెండడుగులు వెనక్కి వేశాడు. “మీ వదిన ఈడనే ఉంటది. నేను దూరంకెల్లి దండం పెట్టి తప్పుకుంట.”

ఆవిడ వచ్చిన రోజు ఆయన ముఖానికి అడ్డంగా ఇంత లావు పూలగుత్తి పట్టుకుని నిలబడ్డాడు. పిలార్ గారికి యాభై ఏళ్లు దాటి ఉంటాయి. కారు దిగుతూనే రెండుసార్లు తుమ్మారు. ముద్దుల ఊసే లేదు. ముక్కు తుడుచుకుంటూ, నీరసంగా నవ్వుతూ నాతో, “ఎస్తోయ్ కోన్‌స్తిపాదా” అన్నారు.

పాఠకులారా, నా సూత్రం తళుక్కున మెరిసింది. కోన్‌స్తిపాదా! చివర ‘ఆ’ తీసేస్తే ఏం మిగిలింది? కాన్‌స్టిపేషన్. మలబద్ధకం.

‘కారు దిగీ దిగగానే ఇంత సొంత విషయం చెప్పేశారేమిటి’ అని ఒక్క క్షణం అనిపించింది. వెంటనే సంస్కృతి పేపరు గుర్తొచ్చింది. స్పెయిన్ వాళ్లు అరమరికలు లేని మనుషులు!

అప్పటికే యాదన్న తల్లి అనంతమ్మ అవ్వ పక్కకు చేరింది. “ఏమంటున్నదే బిడ్డా?”

“నిన్నటిసంది మోషన్ అయితలేదట అవ్వా.” నిన్నటి నుంచి అని ఆవిడ చెప్పలేదు. అనువాదంలో కొంత స్వేచ్ఛ తీసుకున్నాను.

“గంతేనా! విమానంల కాళ్లు ముడుసుకొని కూసుంటే గట్లనే అయితది. ఫికర్ చెయ్యొద్దని చెప్పు. నా తాన మందున్నది.”

పిలార్ గారు వేడినీళ్లలో నిమ్మకాయ పిండి ఇమ్మన్నారు. చూశారా, కడుపు కదలడానికే అనుకున్నాను. గంటలో పదకొండు సార్లు తుమ్మారు. పూల పుప్పొడి పడలేదనుకున్నాను. కళ్లు ఎర్రబడ్డాయి. పాపం, ఎంత ముక్కుతున్నారో అనుకున్నాను. నిజం నా ముందు చేతులూపుతూ గంతులేస్తున్నా పట్టించుకోని ఏకాగ్రత నాది.

అవ్వ పెద్ద గ్లాసుడు పాలతో వచ్చింది. పైన చిక్కగా, జిగటగా ఏదో తేలుతోంది. ఆముదం. ఇంట్లో ఆడించిన అసలు సిసలు ఆముదం.

పిలార్ గారు అనుమానంగా వాసన చూసి, “ఇదేమిటి?” అన్నారు.

ఆముదాన్ని స్పానిష్‌లో ఏమంటారో నాకు తెలియదు. తెలిసుంటే ఆవిడ గ్లాసు ముట్టేవారు కాదు. “అమ్మమ్మ నూనె” అన్నాను. “మీ కోన్‌స్తిపాదాకు చాలా మంచిది.”

ఆవిడ అవ్వ ముఖంలోని ప్రేమను చూసి, కళ్లు మూసుకుని గటగటా తాగేశారు.

రెండు గంటలకు మీటింగు. ఆలూరు నుంచి, చేవెళ్ల వైపు నుంచి ముప్పై మంది దాకా రైతులు వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. పిలార్ గారు ప్లాస్టిక్ ముక్క ఒకటి ఎత్తి పట్టుకుని, అది ఎంత ఒత్తిడినైనా ఎలా తట్టుకుంటుందో చెప్పడం మొదలుపెట్టారు. సగంలో ఆగిపోయారు. ముఖంలో రంగులు మారాయి. ప్లాస్టిక్ జారి కింద పడింది.

“దోందె ఎస్తా ఎల్ బాన్యో?”

బాత్రూమ్ ఎక్కడ? కోర్సులో మాకు నేర్పిన మొట్టమొదటి వాక్యం! ఆ రోజంతటిలో నాకు తప్పు లేకుండా అర్థమైంది అదొక్కటే. గర్వపడే వ్యవధి లేదు. బాత్రూమ్ నాలుగు పాలీహౌసుల అవతల ఉంది. ఆవిడను స్కూటీ ఎక్కించుకుని, పూల మొక్కల మధ్య నుంచి అంబులెన్సులా దూసుకుపోయాను.

తిరిగి వచ్చేసరికి రైతులు ఆదుర్దాగా ఉన్నారు. “ఏమైందమ్మా, మేడమ్ గట్ల ఉరికింది?”

“సియస్తా అంకుల్” అన్నాను. “వాళ్ల సంస్కృతిల పగటిపూట జరసేపు పండుకుంటరు.”

ముందు వరసలోని పెద్దాయన కుర్చీలో ముందుకు వంగాడు. “గిట్ల ఉరుక్కుంట పోయి పండుకుంటరా?”

ఆవిడ మూడుసార్లు ‘పండుకుని’, గంట తర్వాత నెమ్మదిగా నడిచి వచ్చారు. ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. నన్ను దాటుకుని నేరుగా అవ్వ దగ్గరికి వెళ్లారు. బ్యాగులోంచి ఫోన్ తీసి, అనువాదం చేసే యాప్‌లో స్పానిష్‌లో ఏదో చెప్పి అవ్వ వైపు తిప్పారు. ఫోన్‌లోంచి ఒక ఆడగొంతు, రేడియో వార్తలు చదివినట్టు, ముప్పై మందికీ వినబడేలా పలికింది: “నాకు జలుబు చేసినది. జలుబుకు ఈ నూనెను ఎందుకు ఇచ్చినారు?”

పందిరి కింద ముప్పై తలలూ అవ్వ వైపు తిరిగాయి.

“జలుబా?” అంది అవ్వ. తర్వాత నా వైపు తిరిగింది. “ఓసి నీ సదువు మన్నుబడ! ముక్కు కారుతుంటే కడుపు కడిగిస్తివి గదనే!”

స్పెయిన్‌లో కోన్‌స్తిపాదా అంటే జలుబు చేసిందని అర్థమట. యాదన్న తల పట్టుకుని కూర్చున్నాడు. నా నౌకరీ కళ్ల ముందే ఆముదం కంటే వేగంగా జారిపోతోంది. ఎలాగైనా క్షమాపణ చెప్పుకోవాలి, సిగ్గుతో చచ్చిపోతున్నానని చెప్పాలి. సిగ్గుపడటాన్ని ఇంగ్లీషులో ఎంబరాస్డ్ అంటారు కదా. అంత దెబ్బ తిన్నాక మనిషన్నవాడు తన సూత్రాన్ని మళ్లీ వాడతాడా?

వాడాను. గుండె మీద చేయి వేసుకుని, కన్నీళ్లతో, “ఎస్తోయ్ ఎంబరాసాదా” అన్నాను.

ఆవిడ చేతిలోని ఫోన్ ఇంకా వింటూనే ఉంది. అదే గొంతుతో, అంతే స్పష్టంగా, ముప్పై మందికీ చెప్పింది: “నేను గర్భవతిని.”

యాదన్న తల ఎత్తాడు. ముందు వరస పెద్దాయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు. అనంతమ్మ అవ్వ నా చేయి పట్టుకుని, గొంతు తగ్గించి, “ఎవడే వాడు?” అంది.

పిలార్ గారు నన్ను చూశారు, ఫోన్‌ను చూశారు, మళ్లీ నన్ను చూశారు. అప్పుడు మొదలైంది ఆవిడకు నవ్వు. తుమ్ముతూ నవ్వారు, నవ్వుతూ తుమ్మారు, కుర్చీ పట్టుకుని వంగిపోయారు. “లేదు లేదు” అని నా తరఫున ఫోన్‌కు ఆవిడే చెప్పి, ఫోన్ చేత రైతులకు చెప్పించి, పోయిన నా పరువులో సగం వెనక్కి ఇప్పించారు. అవ్వ ఈసారి మిరియాల పాలు కాచి తెచ్చింది. గ్లాసు చూడగానే ఆవిడ గోడకు అతుక్కుపోతే, అవ్వ ముందు తాను నాలుగు గుక్కలు తాగి చూపించింది.

మిగతా సగం పరువు ఆలూరులో పోయింది. నేను ఇంటికి చేరేలోపే కబురు చేరింది. చర్చిలో ఆడవాళ్ల ప్రార్థన కూటానికి వెళ్లిన మా అమ్మ, అక్కడ నా పేరు మీద తల్లీబిడ్డల క్షేమం కోసం ప్రార్థన జరుగుతుండగా లోపలికి అడుగుపెట్టింది. ఆ తర్వాత మా ఇంట్లో ఏం జరిగిందో రాయడానికి ఏ భాషా చాలదు.

వారం తర్వాత స్పెయిన్ నుంచి యాదన్నకు మెయిల్ వచ్చింది. స్పానిష్‌లో ఉంది.

“సదువు” అన్నాడు.

చదివాను. “పాలీహౌసులు మంచిగున్నయట. డీలర్‌షిప్ మనకేనట అన్నా! అవ్వ మిరియాల పాలు ఎట్ల చేసిందో రాసి పంపమన్నది.”

“శభాష్! ఆ ఆఖరి లైన్ల ఏమున్నది?”

“ఏం లేదన్నా.”

“సదువు చెల్లే.”

గొంతు సవరించుకున్నాను. “ఇకమీద మీరు మాకు రాసేదంతా... దయచేసి ఇంగ్లీషుల రాయండి, స్పానిష్‌ల వద్దు... అన్నది.”

“తప్పు సదివినవేమో, ఇంకోసారి చూడు.”

“నిఘంటువు కొని మూడుసార్లు చూసిన అన్నా. తప్పు లేదు.”

ఇందుమూలంగా యావన్మంది పాఠకులకు ప్రమాణపూర్వకంగా తెలియజేయునది ఏమనగా: ఇకముందు ఏ దేశపు మనిషైనా, ఏ భాషలోనైనా, తనకు ఒంట్లో బాగాలేదని నాతో చెబితే, నేను నోరు తెరవను, సూత్రం వాడను, మందు ఇప్పించను. ముక్కా, పొట్టా, ముందు వేలితో చూపించమంటాను.