పుంజులు లేని పల్లె

1879 మార్చిలో నన్ను ఉదయగిరి తాలూకాకు రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా వేశారు. తహసీల్దారుకు కింద, కరణాలకు పైన ఉండే ఉద్యోగం. పైవారి ఉత్తర్వును ఊళ్ళలో అమలు చేయించడం, అమలైన తీరు డైరీలో రాసి పైకి పంపడం నా పని. కరువు తగ్గి ఎక్కువ కాలం కాలేదు. వలసపోయిన జనం తిరిగి వచ్చారు గాని పెరళ్ళలో కోళ్ళు దాదాపు లేవు. కొన్నిటిని తినేశారు, మిగిలినవి గింజ లేక చచ్చాయి.

ఆత్మకూరులో మకాం వేసిన పైఅధికారికి కోళ్ళంటే ప్రాణం. పేదల ఇళ్ళలో మాంసం పెరగాలని ఆయన మద్రాసు నుంచి కాళ్ళ నిండా ఈకలున్న పెద్ద జాతి కోళ్ళు తెప్పించి, ఊరికి ఒక పుంజు, రెండు పెట్టల చొప్పున పంచమన్నారు. జాతి చెడకుండా ఊళ్ళో ఉన్న నాటు పుంజులన్నిటినీ తీయించమని కూడా ఉత్తర్వు. ఉద్దేశం మంచిదే. అమలు చేసే బాధ్యత మాత్రం నామీద పడింది. మా ఇంట్లో గుడ్డు పెంకు కూడా గడప దాటి రాదు. కోడి గురించి నాకు తెలిసిందల్లా అది తెల్లవారకముందే నిద్ర చెడగొడుతుందన్న సంగతే.

వరికుంటపాడు పక్కనున్న ఒక పల్లెలో నాగమ్మ అనే రైతు ఉండేది. భర్త లేడు. కరువులో ఆమె ఒక పుంజునూ రెండు పెట్టలనూ గంప కింద దాచి, పాత కుండలో పేడా గడ్డీ కుక్కి నేలమీద బోర్లించి, దానికి పట్టిన చెదపురుగులను మేపి బతికించుకుంది. ఇంట్లో అయిదో నెల కడుపుతో ఉన్న కూతురు ఉంది. కరువు ఆ పిల్లను ఎముకల గూడు చేసి వదిలింది. కాన్పు శ్రావణంలో. చైత్రంలో పిల్లలు లేస్తే శ్రావణానికి కూరకు అందివస్తాయి, బాలింతకు కోడి పులుసు పోస్తే ఒంట్లో రక్తం పడుతుంది. నాగమ్మ ఆశంతా దానిమీదే.

ఉత్తర్వు చదివి వినిపించాను. ఆమె మద్రాసు పుంజును ఎత్తి చూసి కింద పెట్టింది.

"బరువుండాది సామీ. బరువొకటే చూస్తే ఎట్టా? పెట్టయితే పొదగాల, గద్ద నీడ పడితే పిల్లల్ని రెక్కల కిందికి లాక్కోవాల. పుంజయితే ఎండకు ఆగాల. ఇదేమో ఇప్పుడే నోరు తెరిచి రొప్పతా ఉండాది. నా పుంజును ఉండనీండి."

ఉత్తర్వులో మినహాయింపు లేదన్నాను. తలారి ఆమె పుంజును పట్టి కాళ్ళు కట్టాడు. పల్లెలోని మిగతా రెండు పుంజులతో పాటు అది పైఅధికారి మకాం వంటశాలకు పోయింది. నా మాట చెల్లిందని ఆ పూట సంతోషించాను కూడా.

రెండు వారాల తరువాత మళ్ళీ ఆ పల్లెకు వెళితే నాగమ్మ గుర్రానికి అడ్డం వచ్చింది. "ఆ పుంజు నీడ వదలదు సామీ. మా పెట్టల్ని ఒక్కదాన్నయినా తొక్కలా. ఇట్టయితే గుడ్లు పనికిరావు" అంది.

ఒక ఆడమనిషి నడివీధిలో, తలారి ముందు, నాతో అలాంటి మాట అనడం నాకు తలకొట్టేసినట్టయింది. అలాంటి సంగతులు కరణంతో చెప్పుకోమని గుర్రాన్ని అదిలించాను. ఆ రోజు డైరీలో "కోళ్ళు క్షేమం, ప్రజలు సంతృప్తి" అని రాశాను. నా సర్వీసులో నేను రాసిన పచ్చి అబద్ధం అదే.

నేను కాదన్నాక ఆమె మాత్రం ఏం చేస్తుంది? ఒకటో రెండో నిలవకపోతాయా అని పదకొండు గుడ్లు పొదగేసింది. పిల్లలు లేవాల్సిన ఇరవై ఒక్క రోజులు గడిచాయి. ఇరవై నాలుగో రోజున నేను వెళ్ళేసరికి పెట్ట ఇంకా గూట్లోనే ఉంది. నాగమ్మ నా ముందే ఒక్కొక్క గుడ్డునూ గోడకేసి కొట్టింది. ఒక్క దాంట్లోనూ పిల్ల లేదు. కంపు భరించలేక నేను మొహం తిప్పుకున్నాను. ఆమె తిప్పుకోలేదు.

ఎలాంటి పుంజు కావాలని అడిగాను. ఆమె మామూలుగానే చెప్పింది. పెట్ట చిన్న నాటుదే ఉండాలి, పుంజు సగం పందెం జాతిదయితే పిల్లలకు కండ పడుతుంది. "కలువాయి దిక్కున దొరకతాయి. రొమ్ము పట్టుకుంటే ఎముక గాదు, కండ తగలాల. కాళ్ళు ఎడంగా ఉండాల. చెయ్యి చూపిస్తే బెదరగూడదు."

కలువాయి వెళ్ళి, జీవితంలో మొదటిసారి కోడిని చేత్తో పట్టి, ఆమె చెప్పినట్టే రొమ్ము తడిమి చూసి ఒకదాన్ని ఎంచాను. గంపలో పెట్టి గుర్రం మీద తెస్తుంటే ఉదయగిరి బజారులో చెక్క గరిటెలు చెక్కేవాళ్ళు ఉలి ఆపి చూశారు. నా భార్య నన్ను బావి దగ్గరే ఆపి తలమీద నీళ్ళు గుమ్మరించింది. ఆ పుంజును నాగమ్మకు ఇచ్చి ఉత్తర్వు మీరినందుకు తహసీల్దారు సంజాయిషీ అడిగారు. జరిగింది జరిగినట్టు రాసిచ్చాను.

జ్యేష్ఠంలో రెండో పెట్ట కింద తొమ్మిది పిల్లలు లేచాయి. కాని శ్రావణానికి అవి ఇంకా గుప్పెడంతే ఉన్నాయి. కాన్పు అయింది. తన రెండు పెట్టల్లో ఒకదాన్ని నాగమ్మ కోసింది. పొదిగే పెట్టను కోయడం ఆ పల్లెల్లో ఎవరూ చేయరు.

సంగతి తెలిసి వెళ్ళాను. "నా కూతురు తినింది సామీ. లేచి కూర్చోనుండాది" అని మాత్రం అంది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే కొంచెం తేలికయ్యేది. తరువాత ఎదిగిన పిల్లలను ఇంటికొకటి చొప్పున పాలుకు ఇచ్చింది. అంటే పెంచినవాళ్ళకు సగం పిల్లలు, ఇచ్చినవాళ్ళకు సగం. ఆ పల్లెలో కోళ్ళు మళ్ళీ పెరిగింది అలాగే. మద్రాసు కోళ్ళు ఆ ఎండలకే పోయాయి.

ఆ తరువాత చాలా తాలూకాలు తిరిగాను. ఉన్నదాన్ని తీసేయమనే ఉత్తర్వు వచ్చినప్పుడల్లా, దాంతో బతికే మనిషిని ముందు పిలిచి అడిగాను. వాళ్ళు చెప్పేది వినడానికి నాకు సిగ్గు వేసినా సరే, గుర్రం దిగి చివరిదాకా విన్నాను.