ఉడుతలు కొరికిన పడుగు

మొన్న కాడుగోడిలోని మా అపార్టుమెంటుకు, ఉడుతలు ఏసీ తీగలు కొరికేస్తున్నాయని, బాల్కనీలకు వలలు బిగించే మనుషులొచ్చారు. ఏసీ గొట్టం పక్క కంతలోంచి ఉడుతగూటి పీచూ దూదీ లాగి కింద పడేసి, కంత మూసేసి, చిటికెలో పని ముగించుకుని వెళ్లిపోయారు. ఆ పీచు చూడగానే మా అమ్మ గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు చిక్కపేట వెనకసందులో మాది పెంకుటిల్లు, నాయనది పట్టుచీరల మగ్గం. మీలో మగ్గాల ఇళ్లలో పెరిగినవాళ్లకు తెలిసే ఉంటుంది, ఉడుత లోపలికి రాకూడదంటే దానికి కావలసింది బయటే పెట్టాలి. అందుకే మా అవ్వ రోజూ మగ్గం కింద రాలిన తుక్కుదారం ఏరి గోడమీద పెట్టేది, అవి గూటికని దాన్నే పట్టుకుపోయేవి, మగ్గంమీద నిలువుగా బిగించిన పడుగు జోలికి వచ్చేవి కావు. ఒక ఏడు నా తమ్ముడు, పేరైనా పెట్టని పసిగుడ్డు, జ్వరంతో పోయాడు. మగ్గం ఆగిపోయింది. మగ్గం ఆగితే తుక్కు ఎక్కడిది? ఉడుతలు పెంకుల కింది సందులోంచి దిగి, ఎవరి పెళ్లికో దుకాణంవాళ్లు నేయమన్న చీర పడుగును కొరికి, ఆ పట్టుతోనే దూలం మీద గూడు కట్టుకున్నాయి.

నాయన మట్టి కలిపి సందు మూయబోయాడు. బిడ్డ పోయినా కంటతడి పెట్టకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకునే అమ్మ, లేచి వచ్చి అడ్డం నిలబడింది.

"కూనలుండాయి లోపల. తల్లి బయటుండాది. మూయొద్దు."

నాయన ఒట్టి కోపిష్టి. చీర చెడితే ఆ దుకాణం మళ్లీ పని ఇవ్వదనీ ఆయనకు తెలుసు. అయినా మట్టి పారబోసి, తెగిన పోగులు ఒక్కొక్కటే ముడివేసుకుంటూ, అన్నానికి లేచినా పడుగుమీద దుప్పటి కప్పి లేస్తూ నేశాడు. ముడులు కనబడుతున్నాయని చీర తిప్పి పంపేశారు. చాన్నాళ్లు మాకు గంజే గతైంది. ఆయన మాత్రం అమ్మను ఒక్క మాటైనా అనలేదు.

కూనలు పెద్దవై వెళ్లిపోయాక, అమ్మే మట్టి కలిపి, నిచ్చెనెక్కి, తన చేత్తో ఆ సందు మూసింది. దిగి వచ్చి, మట్టిచేతులతోనే నేలమీద కూలబడి, తమ్ముడికోసం మొదటిసారి గుండెలవిసేలా ఏడ్చింది. నాయన మగ్గం గుంటలోంచి లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు.

ఆ రోజుల్లో లేమి ఉండేది, కోపతాపాలుండేవి, అయినా ఒక మనిషి దుఃఖం తీరేదాకా ఇల్లంతా ఆగేది. ఇప్పుడు ఎవరిని తప్పుపట్టను? నిరుడు మా ఆవిడ పోయినప్పుడు, కళ్లెదుట ఉంటే నేను బాధపడతానని, కర్మలు ముగిసిన మర్నాడే పిల్లలు ఆమె చీరలన్నీ పంచేశారు. మంచిమనసుతోనే చేశారు. నాకింకా ఏడుపు రాలేదు.