మా ఆయన నామినేషన్లు

మా ఆయన ఇప్పటికి ఏడుసార్లు శాసనసభకు నామినేషన్ వేశాడు. ఈ మాట వినగానే కొత్తవాళ్లు లేచి కుర్చీ వేస్తారు. అందులో ఆరుసార్లు గడువు దాటకముందే వెళ్లి వెనక్కి తీసుకున్నాడని చెప్పగానే వాళ్ల మొహాల్లో నవ్వు మొదలవుతుంది. నవ్వనివ్వండి. ఇన్నేళ్లుగా ఆ నవ్వుతోనే కాపురం చేసినదాన్ని, నాకు కొత్తేం కాదు.

సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతాను. పార్టీ తరఫున పోటీ చేసేవాళ్ల కాగితాల్లో ఏదో ఒక తేడా దొరికి అధికారి తిరస్కరిస్తే, ఆ పార్టీకి అక్కడ మనిషే ఉండడు. అందుకని ముందు జాగ్రత్తగా ఇంకొకరి చేత కూడా నామినేషన్ వేయిస్తారు. అసలువాడి కాగితాలు సరిగ్గా ఉన్నాయని తేలాక ఈ రెండోవాడు నోరు మూసుకుని తనది ఉపసంహరించుకోవాలి. వాడిని డమ్మీ అంటారు. మా ఊళ్లో ఆ మాట మా ఆయనకు ఇంటిపేరైపోయింది. 'డమ్మీగారి షాపు ఎక్కడ' అని అడిగితే కళ్లు మూసుకుని దారి చెబుతారు.

షాపంటే మోటార్ల వైండింగ్ షాపు. మా ఇంటి ముందు గదే అది. కాలిపోయిన మోటారు విప్పడం, నల్లబడిన రాగితీగ కోసి లాగేయడం, కొత్త తీగ చుట్టలు చుట్టి గాడుల్లో కూర్చడం, వార్నిష్ పోసి ఎండలో పెట్టడం. చుట్లు లెక్కపెట్టేటప్పుడు ఇల్లు కూలిపోతున్నా ఆయన్ని పలకరించకూడదు. నా వంటకూ బట్టలకూ కూడా ఆ వార్నిష్ వాసనే. పని మాత్రం మంచి పని. ఆయన చుట్టిన మోటారు మళ్లీ త్వరగా మా గడప తొక్కదు. ఆ చేతుల్లో ఉన్న నమ్మకంలో పావు వంతు ఆ నోట్లో ఉండి ఉంటే నేనివాళ ఇలా మొహం గంటు పెట్టుకుని కూర్చునేదాన్ని కాదు.

మా నియోజకవర్గం నాయకుడూ మా ఆయనా చిన్నప్పుడు ఒకే బెంచీ. ఒకే ఈడు. ఆ నాయకుడు మొదటిసారి ఏ పార్టీ లేకుండా గొడుగు గుర్తు మీద నిలబడ్డప్పుడు మా ఆయన కొత్త పెళ్లికొడుకు. నన్ను ఇంట్లో వదిలేసి గోడల మీద గొడుగులు గీసుకుంటూ తిరిగాడు. డిపాజిట్ కూడా దక్కలేదు. తర్వాతి ఎన్నికకు ఆయనకు నిచ్చెన గుర్తు పార్టీ టికెట్ ఇచ్చింది, గెలిచాడు. అంతవరకూ ఒకరినొకరు ఒరేయ్ అని పిలుచుకునేవాళ్లు. గెలిచిన మర్నాడు మా ఆయన వెళ్లి 'అన్నా' అన్నాడు. ఆయన 'ఏరా' అన్నాడు. ఆ లెక్క అక్కడే స్థిరపడిపోయింది.

ఆ తర్వాతి చరిత్రంతా ఎత్తుపల్లాలే. నాయకుడు ఇంకోసారి గెలిచి సగం కాలం మంత్రిగా చేశాడు. కారుకి ముందూ వెనకా జీపులుండేవి. తర్వాత ఓడిపోయాడు. ఓడిపోయిన కోపంలో పార్టీ మారి గెలిచాడు, మారిన పార్టీలోనే ఉండి ఓడిపోయాడు, మళ్లీ పాత గూటికి చేరి గెలిచాడు. ఆయన ఏ పార్టీలో ఉంటే మా ఆయన ఆ పార్టీ డమ్మీ. 'ఈయనకు సొంత అభిప్రాయం అంటూ ఏమీ లేదా' అని ఒకసారి మా అమ్మాయి అడిగింది. 'ఉండేది, మోటారులో పెట్టి చుట్టేశారు' అన్నాను.

నాయకుడికి సొంత తమ్ముడు ఉండగా మా ఆయనే ఎందుకంటారా? తమ్ముడిని డమ్మీగా పెడితే గడువు రోజున కనపడకుండా పోతాడని భయం. భార్యను పెడదామంటే ఆవిడ పేరు మీద ఉన్నవన్నీ కాగితం మీద రాయాలి. మా ఆయనకైతే రాయడానికి ఏమీ లేదు, పారిపోతాడన్న భయమూ లేదు. గంగిరెద్దులా తల ఊపుతాడు. ప్రతిసారీ నేను చొక్కా ఇస్త్రీ చేసి ఇవ్వడం, ఆయన ఊరేగింపులో చివరి జీపులో వెళ్లి నామినేషన్ వేయడం, నాలుగు రోజులకు అదే చొక్కాతో వెళ్లి వెనక్కి తీసుకోవడం. పక్కింటి దర్జీ ఆవిడ, "ఈసారైనా గెలుస్తారా వదినా?" అని కిటికీలోంచి కేకేసేది. నవ్వుతూనే అనేది, నాకు మాత్రం ఒళ్లు మండిపోయేది.

ఏడోసారి కథ మారింది. నామినేషన్‌తో పాటు ఇచ్చే ప్రమాణపత్రంలో ఏ గడీ ఖాళీగా వదలకూడదు. చెప్పడానికి ఏమీ లేకపోతే 'లేదు' అని రాయాలి. మా ఆయన ప్రతి గడిలోనూ గుండ్రని అక్షరాలతో 'లేదు' అని రాశాడు. మాకు బాగా అలవాటైన మాటే కదా. ఆ నాయక మహానుభావుడు మాత్రం విసుగొచ్చి సగం గడుల్లో గీతలు గీసి సంతకం పెట్టాడు. సరిదిద్దుకోమని అధికారి నోటీసిచ్చాడు. 'ఇన్నిసార్లు నిలబడినవాణ్ని, నాకు నేర్పుతాడా' అని నాయకుడు దాన్ని పక్కన పడేశాడు. పరిశీలన రోజు ఆ నామినేషన్ తిరస్కరించారు. నిచ్చెన గుర్తు వచ్చి మా ఆయన ఒళ్లో పడింది.

ఆ మధ్యాహ్నం మా వీధిలో జీపులు పట్టలేదు. వైండింగ్ బల్ల మీద దండలు కుప్పపడ్డాయి. మా ఆయన సగం చుట్టిన మోటారు ఒళ్లో పెట్టుకుని, పాపం, అలాగే కూర్చున్నాడు. నేను లోపలికి వెళ్లి తలుపేసుకుని ఏడ్చాను. ఆ ఏడుపులో సంతోషమే ఎక్కువ. అప్పుడు నేను కోరుకున్నది ఒక్కటే. గెలిస్తే ఆ ఐదేళ్లూ ఆయన ఆ కుర్చీలో ఆయనగానే కూర్చోవాలి, ఇంకొకరి కోసం కాపలా కాస్తున్నట్టు కాదు.

ప్రచారం మొదలైంది. పోస్టర్ల మీద నాయకుడి మొహం తలుపంత, మా ఆయనది తపాలా బిళ్లంత. మొదటి సభ కుళాయిల దగ్గర పెట్టారు. మా ఆయన మైకు పట్టుకుని బాగానే మొదలుపెట్టాడు. చివరికొచ్చేసరికి ఇన్నేళ్ల అలవాటు బయటపడింది.

"అందుకని అమ్మలారా, అయ్యలారా, అందరూ నిచ్చెన గుర్తు మీద ఓటేసి మన అన్నని గెలిపించండి!"

బిందె పట్టుకుని నిలబడ్డ ఒకావిడ అరిచింది. "ఆయన పోటీలోనే లేడయ్యా! ఉన్నది నువ్వు!"

జనం విరగబడి నవ్వారు. ఇంటికొచ్చాక నేను ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"ఏదీ, 'నాకు ఓటెయ్యండి' అనండి."

"నిచ్చెనకి ఓటెయ్యండి."

"నిచ్చెనకి కాదండీ. నాకు."

"నా..." అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. మంచినీళ్లు తాగాడు. "అదేంటే, అడుక్కున్నట్టుంటుంది" అన్నాడు.

"ఇన్నేళ్లూ ఆయన కోసం అడుక్కున్నప్పుడు లేదా ఆ సిగ్గు?"

ప్రచారం ముగిసేదాకా ఆ ఒక్క మాట ఆయన నోటి వెంట రాలేదు. అయినా గెలిచాడు. గుర్తుని చూసి వేశారో, నవ్వొచ్చి వేశారో, మోటారు బాగుచేయించుకున్న ప్రతి ఇల్లూ వేసిందో నాకు తెలియదు. ఓటు వేసే చోట గుర్తు పక్కన ఆయన పేరు మొదటిసారి చూశాను. వెనకున్నవాళ్లు తొందరపెడుతున్నా ఓ క్షణం అలాగే చూస్తూ నిలబడ్డాను.

శాసనసభలో ఆయన ఏం మాట్లాడతాడు, వెనక బెంచీలో కునుకు తీస్తాడు అనుకున్నారందరూ. రెండో సమావేశాల్లో లేచి నిలబడ్డాడు. నేను పైన సందర్శకుల వరుసలో కూర్చుని చీర కొంగు నలుపుతున్నాను.

"అధ్యక్షా, మా వైపు కరెంటు సరిగ్గా రాక ఇంటింటికీ మోటార్లు కాలిపోతున్నాయి. అవి బాగుచేసేది నేనే. కాలిన కొద్దీ నాకు పని. అయినా అడుగుతున్నాను, మాకు పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు ఇప్పించండి. నా షాపు మూతపడ్డా పరవాలేదు."

సభంతా నవ్వింది. ఆ నవ్వు మా వీధి నవ్వు లాంటిది కాదు. బల్లలు చరిచారు. ఎదుటి పక్షంవాళ్లు కూడా. ఎండాకాలం రాకముందే ట్రాన్స్‌ఫార్మర్లు వచ్చాయి. షాపుకి నిజంగానే బేరాలు తగ్గాయి. కుళాయి దగ్గర ఆడవాళ్లు 'మన ఎమ్మెల్యే' అనడం మొదలుపెట్టారు. డమ్మీ అన్న మాట మెల్లగా మాయమైంది. దర్జీ ఆవిడ కూడా కిటికీలోంచి అరవడం మానేసి గుమ్మంలోకి వచ్చి 'వదినగారూ' అంటోంది. నాకు భూమ్మీద కాళ్లు నిలవలేదంటే నమ్మండి.

ఏడాది తిరగలేదు. ఒకరోజు నేను జాకెట్టు కుట్టించుకుందామని దర్జీ ఆవిడ ఇంటికి వెళ్లాను. ఆవిడ టీవీలో కింద అక్షరాలు పరుగెడుతున్నాయి. మా నియోజకవర్గం ఎమ్మెల్యే రాజీనామా. ఆవిడ నా వైపు చూసింది. నేను కొలత కోసం చాచిన చెయ్యి దించలేదు. దించాక తిన్నగా నాయకుడి ఇంటికి నడిచాను. అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆయన వరండాలో మోకాళ్లకి పట్టీలు కట్టుకుని కూర్చున్నాడు. చుట్టూ ఎప్పుడూ ఉండే మందే.

"అన్నయ్యగారూ, ఇన్నేళ్లు ఆయన్ని డమ్మీని చేసి ఆడించారు, ఊరుకున్నాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆయన కుర్చీలో కూర్చుంటే అదీ లాక్కున్నారా? మీకు మనసెలా ఒప్పింది?"

"కూర్చో చెల్లెమ్మా" అన్నాడు ఆయన.

"కూర్చోడానికి రాలేదు. జవాబు చెప్పండి."

"నేను అడగలేదమ్మా."

"మీ అబద్ధాలు నాకు కొత్తా?"

"అబద్ధాలాడతాను, కాదనను. ఇది మాత్రం కాదు. నిన్న పొద్దున వాడే వచ్చాడు. ఇదిగో, ఇక్కడే, వీళ్లందరి ముందూ, 'రాజీనామా ఇచ్చేసి వస్తున్నానన్నా, మీ సీటు మీకు' అన్నాడు. వీళ్లంతా చప్పట్లు కొట్టారు. అప్పుడు నేనేం చెయ్యను? నాకొద్దంటే పరువుంటుందా?" మోకాళ్ల మీద చరుచుకున్నాడు. "డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు. వాడు గెలిచిన రోజు నేను పైకి ఏడ్చాను గానీ లోపల హమ్మయ్య అనుకున్నాను. ఇప్పుడు ఉపఎన్నికకి మళ్లీ గడపగడపకీ తిరగాలి. నీ మొగుడు నన్ను కూడా చంపాడమ్మా."

ఆయన మొహంలో ఉన్న విసుగు చూసి నమ్మాల్సి వచ్చింది. అచ్చం అదే విసుగు నేను రోజూ అద్దంలో చూసుకుంటాను. ఇన్నేళ్లు ఆ మనిషిని పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ తిట్టుకుంటూ బతికాను. తిట్టడానికి ఆయన కూడా మిగల్లేదని తెలిసి దిక్కు తోచలేదు.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన బల్ల ముందు కూర్చుని తీగ చుడుతున్నాడు. పెదాలు కదులుతున్నాయి, లెక్కపెడుతున్నాడు. అలాంటప్పుడు పలకరించకూడదు కదా. పలకరించాను.

"ఆయన అడగలేదట కదా?"

చుట్టు ఆగింది. "అడగలేదు."

"మరి?"

"పొద్దున్నే ఫోన్ మోగితే ఇవాళ అడుగుతాడేమో అనుకునేవాణ్ని. సభలో కూర్చున్నా అదే. ఎవరైనా భుజం మీద చెయ్యేస్తే లేవమంటున్నారేమో అనిపించేది. ఆయన అడిగితే నేను కాదనలేనే. అడక్కముందే ఇచ్చేస్తే కనీసం నేనే ఇచ్చినట్టుంటుంది."

"ఓటేసినవాళ్లు మిమ్మల్ని లేవమన్నారా? ఆ ట్రాన్స్‌ఫార్మర్లు అడిగింది మీరు కాదా? సభంతా బల్లలు చరిచింది ఎవరికి?"

తీగ కొస వేళ్ల మధ్య తిప్పుతున్నాడు. నా గొంతు వీధిలోకి వినిపిస్తోందని తెలుసు, వినిపించనీ అనుకున్నాను.

"పోనీ, నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా? కట్టుకున్నదాన్ని, టీవీలో చూసి తెలుసుకోవాలా?"

"చెబుదామనే అనుకున్నాను. గుమ్మందాకా వచ్చాను కూడా" అన్నాడు. ఆ తర్వాత తల ఎత్తి, ఎన్నడూ లేనిది నా కళ్లలోకి చూశాడు. "నీతో చెబితే నువ్వు వద్దంటావు. నువ్వు వద్దంటే మానేసేవాణ్ని."

లెక్క తప్పిన తీగ విప్పేసి, ఆయన మొదటి చుట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టాడు.