చదునైన చోట పడే మనిషి

మీటరు బాబాయికి గుంతలంటే భయం లేదు. గుంత కనిపిస్తే పక్కనుంచి తప్పుకుని వెళ్ళిపోతాడు. ఆయన్ని పడగొట్టింది ఎప్పుడూ చదునైన నేలే. బ్యాంకు ముందు పరిచిన నున్నటి బండల మీద, బడి వెనక కొత్తగా వేసిన సిమెంటు దారిలో, ఒకసారైతే ఆఫీసులో తన కుర్చీకి రెండు అడుగుల దూరంలో, ఎడమ పాదం ఉన్నట్టుండి లోపలికి మడుచుకునేది. ఒంటి బరువంతా పాదం బయటి అంచు మీద పడేది. చీలమండ దగ్గర ఏదో దీపం వెలిగి ఆరినట్టయ్యేది. ఆ తరువాత ఆయన కింద ఉండేవాడు, ఆకాశం పైన ఉండేది.

ఇంటింటికీ తిరిగి నీటి మీటర్ల అంకెలు రాసుకురావడం ఆయన ఉద్యోగం. ఇరవై ఆరేళ్ళుగా కాలికి బలపం కట్టుకుని తిరుగుతున్నాడు. ఊళ్ళో అందరికీ బాబాయే. పడ్డప్పుడల్లా ఆఫీసులో ప్రమాద పత్రం నింపాలి. దానిలో ‘నేలలో కారణం’ అని ఒక వరస, దాని కింద నాలుగు గళ్ళు: గుంత, రాయి, తడి, మెట్టు. కాలికి గడి లేదు. ఏదో ఒక గడిలో టిక్కు పెట్టకపోతే సెలవు ఇవ్వరు. బాబాయి మొదటిసారి చాలాసేపు ఆలోచించి ‘గుంత’ దగ్గర టిక్కు పెట్టాడు. ఆ తరువాత ఆలోచించడం మానేశాడు.

ఆ కాగితం రోడ్ల విభాగానికి వెళ్ళేది. వారంలోగా పలుగులు పారలతో మనుషులు వచ్చేవారు. చూస్తే అక్కడ గుంత ఉండేది కాదు. కాగితంలో మాత్రం ఉండేది. ఆఫీసు కాగితాన్ని అబద్ధమనడం వాళ్ళ వల్ల కాదు కనక, ముందు గుంత తవ్వి, తరువాత దాన్ని బహు శ్రద్ధగా పూడ్చి, పైన నున్నగా పూత వేసి వెళ్ళేవారు. అలా ఊళ్ళో చదునుగా ఉన్న చోట్లన్నీ మరింత చదునయ్యాయి. నిజం గుంతలు మాత్రం వాన నీళ్ళలో మబ్బుల్ని చూసుకుంటూ ఎక్కడివక్కడే ఉండిపోయాయి. వాటిలో బాబాయి పడడు కదా.

జనం గమనించకుండా ఉంటారా. “బాబాయ్, మా వీధిలో ఒక్కసారి పడవా?” అని అడగడం మొదలుపెట్టారు. అందరికంటే గట్టిగా అడిగింది ఇస్త్రీ దుకాణం ఆవిడ. ఆమె గుమ్మం ముందున్న గుంతలో ఓ మేక హాయిగా పడుకోవచ్చు.

“మొన్న బ్యాంకు ముందు పడ్డావుట. వాళ్ళకేం తక్కువయిందని పడ్డావ్?” అని ఆమె నిష్ఠూరమాడేది.

“కావాలని పడతానా తల్లీ?”

“మా దగ్గరికొచ్చేసరికి మాత్రం కళ్ళు నేలకేసి పెట్టుకుని నడుస్తావ్. మేమంటే అంత చిన్నచూపా?”

బాబాయి నవ్వి, మీటరు అంకెలు రాసుకుని వెళ్ళిపోయేవాడు. కాలు నొప్పి, జనం ఎగతాళి రెండూ ఆయనకు అలవాటే. ఆయనకు అలవాటు కానిది ఒక్కటే, మనవరాలి విషయం.

కూతురు పొద్దున్నే పనికి వెళుతూ ఏడు నెలల పాపను పుట్టింట్లో దింపి వెళుతుంది. ఒకరోజు బాబాయి పాపను భుజాన వేసుకుని ముందు గదిలోంచి వంటింటి వైపు నడుస్తుంటే, దారిలో ఏ అడ్డూ లేని చోట, చీలమండ మడతపడింది. ఆయన పాపతో సహా పరుపు కుర్చీలోకి కూలబడ్డాడు. పాపకు గీత కూడా పడలేదు. పైగా కిలకిలా నవ్వి, మళ్ళీ చెయ్యమన్నట్టు చేతులూపింది. ఆయన భార్య మాత్రం నవ్వలేదు.

“ఇవాళ్టి నుంచి పిల్లను ఎత్తుకోవాలంటే కూర్చునే ఎత్తుకోండి. దాన్ని చంకనేసుకుని నడిచారో, నేను ఊరుకోను.”

“నేల జారుగా ఉంది.”

“ఆడలేక మద్దెల ఓడన్నాట్ట. పొడిబట్టతో తుడిచింది నేనే.”

అప్పటినుంచి బాబాయి కుర్చీలో కూర్చుంటే పాపను తెచ్చి ఒళ్ళో పెట్టేవారు, పోస్టు ఇచ్చినట్టు. పాపకు కదలనివాళ్ళంటే ఇష్టం లేదు. రెండు నిమిషాలు చూసి, నడిచేవాళ్ళ వైపు చేతులు చాచేది. ఆ చేతులు తనను దాటి వెళ్ళడం ఆయన రోజూ చూసేవాడు. ఇన్నేళ్ళూ కాలు మడతపడితే చీలమండ నొప్పిపుట్టేది. ఇప్పుడు మడతపడకుండానే మరెక్కడో నొప్పి.

అలా ఆయన వ్యాయామాల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆమె ఆయన పాదాన్ని రెండు చేతుల్లో పట్టుకుని, పాత గడియారాన్ని చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది.

“మొదటిసారి ఎప్పుడు బెణికింది?”

“ఉద్యోగంలో చేరిన ఏడు. కుక్క తరిమితే గోడ దూకాను.”

“ఎన్నాళ్ళు జాగ్రత్తగా ఉన్నారు?”

“రెండు రోజులు. వాపు తగ్గింది, తిరగడానికి వెళ్ళిపోయా.”

“వాపు తగ్గితే మానినట్టు కాదండీ. ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్లు అప్పుడే సాగాయి. అవి మళ్ళీ బిగిసేలోపే మీరు వాటి మీద నడిచారు. సాగిపోయిన పైజమా నాడాలాంటివి అవి. పైగా, పాదం ఎటు వంగుతోందో మెదడుకి చెప్పే నరాలు కూడా దెబ్బతిన్నాయి. కబురు ఆలస్యంగా చేరుతుంది. పాదాన్ని పక్కనుంచి లాగి నిలబెట్టే కండలు నిద్ర లేచేసరికి మీరు కింద ఉంటారు.”

“మరి నేల?”

“నేలేం చేసిందండీ పాపం.”

ఇరవై ఆరేళ్ళుగా తను నేల మీద మోపిన నేరాలన్నీ బాబాయికి ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆయన తల వంచుకుని, డాక్టరమ్మకు కాక గచ్చుకు చెప్పుకున్నట్టు, “తెలీక చేశాను” అన్నాడు.

మందు విచిత్రమైనది. నడిచేటప్పుడు చీలమండకు పట్టీ. రోజూ రబ్బరు పట్టీని పాదంతో బయటికి లాగడం. ఎడమ కాలి మీద అర నిమిషం నిలబడడం, అది కుదిరాక దిండు మీద నిలబడడం, అదీ కుదిరాక కళ్ళు మూసుకుని. గోడ దగ్గరుండాలి. మూడు నెలలు మానకూడదు.

బాబాయి పళ్ళు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడ్డాడు. నాలుగు లెక్కపెట్టేలోపు గోడ పట్టుకున్నాడు. భార్య చూసింది.

“కొంగ జపమా?”

“నువ్వు నా మీద ఒంటికాలి మీద లేస్తావుగా రోజూ. ఎన్ని నిమిషాలు నిలబడగలవో చూపించు.”

ఆమె పంతానికి నిలబడింది. ఇరవై లెక్కపెట్టింది. మర్నాటి నుంచి ఇద్దరూ పక్కపక్కనే, గోడకు చెరో చెయ్యి ఆనించి, మాటాడుకోకుండా నిలబడేవారు. అప్పుడు ఇల్లు నీళ్ళ అడుగున ఉన్నట్టు నిశ్శబ్దంగా ఉండేది.

కబురు పాకింది. రోడ్ల ఇంజనీరు స్వయంగా బాబాయి బల్ల దగ్గరికి వచ్చాడు.

“కాలు బాగుచేయించుకుంటున్నారట. మాకో మాట చెప్పొద్దూ? మీ పత్రాలు లేకపోతే ఎక్కడ తవ్వాలో మాకెలా తెలుస్తుంది?”

“గుంతలున్న చోట పూడ్చండి సార్.”

“పత్రం లేకుండానా?” అని ఇంజనీరు భయంగా చుట్టూ చూశాడు.

వ్యాయామాలు మొదలుపెట్టిన పదకొండో వారం, అంకెలు రాసే వంతు ఇస్త్రీ దుకాణం వీధికి వచ్చింది. దుకాణం ముందు ఒక కుర్చీ సిద్ధంగా ఉంది. పక్కన బకెట్లో ఐసు. వీధిలో సగం జనం గుంతకు అటూ ఇటూ గోడలా నిలబడ్డారు. ఇంజనీరు పత్రం పట్టుకుని, ‘గుంత’ గడిలో ముందే టిక్కు పెట్టుకుని ఉన్నాడు. మీటరు ఆ గుంత అవతల ఉంది.

“పక్కకు జరగండమ్మా.”

“నీ కాలు పూర్తిగా బాగయ్యేలోపు ఒక్కసారి, బాబాయ్,” అంది ఇస్త్రీ ఆవిడ. “నీకు దెబ్బ తగలకుండా పట్టుకుంటాం. నాలుగేళ్ళుగా దీన్ని దాటలేక మా అత్త గడప దిగట్లేదు.”

ఆయనకు జాలేసింది. అంతకంటే ఎక్కువ భయమేసింది. ఇప్పుడు బెణికితే మళ్ళీ మొదటికే. మళ్ళీ కుర్చీ, మళ్ళీ ఒళ్ళో పాప, ఎవరివైపో చాచిన చేతులు. వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనుకున్నాడు, కానీ వెనక కూడా జనమే. ఎవరు నెట్టారో తెలియదు, ఎవరూ నెట్టలేదేమో కూడా. ఎడమ పాదం గుంతలో, గులకరాయి అంచు మీద పడి, లోపలికి ఒరిగింది.

కుర్చీ రెండంగుళాలు ముందుకు జరిగింది.

అప్పుడు కాలి పక్కన, ఎన్నడూ పని చెయ్యని చోట, ఒక కండ లేచింది. పాదాన్ని పట్టుకుని, నెమ్మదిగా, తిరగబడ్డ పడవను నిలబెట్టినట్టు నిలబెట్టింది. బాబాయి గుంతలో తిన్నగా నిలబడి ఉన్నాడు. ఆయనకే నమ్మకం కుదరక మరో అడుగు వేశాడు. అదీ నిలబడింది.

“పడలేదే,” అన్నాడు ఇంజనీరు, గడిలోని టిక్కు వంక చూస్తూ.

“క్షమించండి,” అన్నాడు బాబాయి. ఆయన కళ్ళు చెమర్చాయి.

ఇస్త్రీ ఆవిడ కాసేపు ఆయన్ని చూసింది. కాసేపు గుంతను చూసింది. ఆ తరువాత దుకాణం వెనక్కి వెళ్ళి, పగలగొట్టిన పాత గోడ ఇటుకలు తట్టతో తెచ్చి గుంతలో కుమ్మరించింది. పక్కింటాయన ఇంకో తట్ట తెచ్చాడు. “పత్రం లేకుండా పూడ్చకూడదు,” అని ఇంజనీరు అంటూనే ఉన్నాడు. ఆ మాట ముగిసేలోపే పని ముగిసింది. అత్తగారు కోడలి భుజం పట్టుకుని గడప దిగి, రెండు అడుగులు వేసి, “ఇంతేనా?” అంది.

బాబాయి మీటరు అంకెలు రాసుకుని ఇల్లు చేరేసరికి కబురు ఆయన కంటే ముందే చేరింది. భార్య పాపను చంకనేసుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది.

“గుంతలో పడమంటే కూడా పడలేకపోయారట. ఊరంతా చెప్పుకుంటోంది.”

“పడలేదు.”

ఆమె ఆయన పాదాల వంక చూసింది. కుర్చీ వైపు చూడలేదు. పాపను ఆయన చేతుల్లో పెట్టింది.

ఆయన ముందు గదిలోంచి వంటింట్లోకి నడిచాడు. వంటింట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి మళ్ళీ ముందు గదిలోకి. మొదటి చుట్టులో భార్య రెండు చేతులూ చాచి వెనకే నడిచింది. రెండో చుట్టులో ఒక చెయ్యి దించింది. మూడో చుట్టులో ఆమె తన పని చూసుకోవడానికి వెళ్ళింది. పాప ఆయన చెవి పట్టుకుని, కదులుతున్న గోడల్ని వింతగా చూస్తోంది.

“ఇక చాలు, కాసేపు కూర్చోండి,” అంది భార్య లోపల్నుంచి.

ఆ పూట ఆయన కూర్చోలేదు.